రేడియం కడ్డీలు, అవ్వ చూపు

తాళ్లకు కట్టిన గ్లో స్టిక్‌లు, అదే మావాళ్లు రేడియం కడ్డీలనేవి, తిప్పడం నేను నలభై ఆరో ఏట మొదలుపెట్టాను. రెండు తాళ్లు, వాటి కొసలకు రెండు వెలిగే కడ్డీలు. చీకట్లో గుండ్రంగా తిప్పితే వెలుగు చక్రంలా నిలబడుతుంది. కాలేజీ పిల్లలు ఫంక్షన్లలో చేసే పని అది. నా వయసు వాళ్లెవరికైనా చెబితే ముందు నవ్వుతారు, తర్వాత నీకెందుకే అంటారు. ఎందుకో మొదట్లో నాకూ తెలియదు. బస్సు ఆగిపోయిన ఒక సాయంత్రం చూశాను. చూడగానే నాకూ చేయాలనిపించింది.

నేను బస్ కండక్టర్‌ని. అప్పట్లో నా డ్యూటీ కరీంనగర్ నుంచి జగిత్యాల, ధర్మపురి మీదుగా మంచిర్యాల. చలికాలం, పొద్దుగూకే వేళ. గోదావరి వంతెన దాటి లక్సెట్టిపేట ఇంకా రాకముందే ఇంజన్‌లోంచి కాలిన వాసన వచ్చింది. డ్రైవరన్న బండి పక్కకు తీసి, కిందికి దిగి చూసి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"బెల్టు తెగింది చెల్లె. ఫోన్ చేసిన. ఇంకో బండి వచ్చేదాంక గంట పడ్తది. అందరిని దించుదాం, లోపల వాసన నిండింది."

ఇరవై మందిమి రోడ్డు పక్కన పత్తి చేను గట్టున నిలబడ్డాం. కాసేపటికి చీకటి పడింది. ఒక తల్లి చంకలో ఏడాది పిల్ల ఏడుపందుకుంది. పాలిచ్చినా, భుజాన వేసుకుని తిప్పినా ఆగడం లేదు. అందరికీ విసుగ్గానే ఉంది. అప్పుడు వెనక సీట్లో కూర్చుని వచ్చిన ఒక ఇంజనీరింగ్ అమ్మాయి బ్యాగు తెరిచి, బూట్ల లేసులు కట్టిన రెండు కడ్డీలు తీసింది. ఒక్కొక్కదాన్ని టప్పుమని విరిచి ఊపింది. లోపలి మందు కలిసి, రెండూ లేత ఆకుపచ్చగా వెలిగాయి.

"జర అందరు ఎనకకు జరుగుండ్రి," అని రోడ్డంచున నిలబడి తిప్పడం మొదలుపెట్టింది.

అటొక చక్రం, ఇటొక చక్రం. ఒకదాన్నొకటి దాటి పోతున్నాయి, తగలడం లేదు. అమ్మాయి చేతులు మాకు కనబడడం లేదు. వెలుగొక్కటే కనబడుతోంది. పిల్ల ఏడుపు వెంటనే ఆగలేదు. ముందు వెక్కిళ్లలోకి దిగింది, తర్వాత నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. నేనూ అట్లాగే చూస్తున్నానని డ్రైవరన్న తర్వాత చెప్పి నవ్వాడు.

ఆమె ఆపగానే దగ్గరికి వెళ్లి అడిగాను. "నాకు నేర్పుతవా బిడ్డా?"

నా యూనిఫారం వైపు చూసింది. "ఇప్పుడా ఆంటీ?"

"బండి వచ్చేదాంక నాకేం పని ఉన్నది?"

తాడు రెండో కొసన ఉన్న ఉచ్చుముడిని నా వేళ్లకు తొడిగింది. "ముందు ఒక్కటే. కుడి చెయ్యి. మీ పక్కన ఒక గోడ ఉన్నదనుకోండ్రి. ఆ గోడ మీద సున్న గీస్తున్నట్టు తిప్పుండ్రి. గోడ విడిచి బయటికి రావద్దు, మీ మీదికి రావద్దు."

మొదటి సున్న మోకాలికి తగిలింది. రెండోది గడ్డానికి తగిలింది. పదో పదిహేనో అయ్యాక కుడి చేతి పక్కన ఆకుపచ్చ సున్న ఒకటి వంకరటింకరగా నిలిచింది. ఎంత సంతోషమేసిందో! తర్వాత ఎడమ చేతికి మార్చాం. అక్కడ పని ఆగిపోయింది. ఇరవై ఏళ్లుగా నా ఎడమ చేతికి తెలిసిందల్లా టికెట్ మిషన్ పట్టుకోవడం, లేదా పడకుండా బస్సు పైకప్పు రాడ్డు పట్టుకోవడం. మిగిలినవన్నీ కుడి చేయే చేస్తుంది. ఎడమ చేయి ఇప్పుడు తాడుతో ఏం చేయాలో తెలియక బిగుసుకుపోయింది.

ఇంతలో వేరే బండి వచ్చింది. మంచిర్యాలలో దిగేటప్పుడు ఆ అమ్మాయి రెండు కడ్డీలూ నా చేతిలో పెట్టింది. "తెల్లారేసరికి వెలుగు పోతది ఆంటీ. బరువు మాత్రం గంతనే ఉంటది. గవ్విటితోనే నేర్చుకోండ్రి," అంది. ఆమెను నేను మళ్లీ చూడలేదు.

కరీంనగర్‌లో మా ఇంట్లో మేమిద్దరమే ఉంటాం, నేనూ అవ్వా. మా వైపు కన్నతల్లిని అవ్వ అనే పిలుస్తాం. మా ఆయన మస్కట్‌లో పనిచేస్తాడు, శుక్రవారం ఫోన్ చేస్తాడు. డ్యూటీ లేని రోజు సాయంత్రం హాల్లో బల్ల ఒక మూలకు జరిపి తిప్పేదాన్ని. ఆరిపోయిన కడ్డీలు తగిలితే ఎముకకు నొప్పి పెడుతోందని, పాత మేజోళ్లలో గుప్పెడు పెసర్లు పోసి ముడివేసుకున్నాను. అవి మెత్తగా తగిలేవి. అయినా కళ్లజోడు ఒకసారి ఎగిరి సోఫా కింద పడింది. ఫోన్‌లో చూసిన మా ఆయన, "జర ఫ్యాన్ చూసుకో," అని మాత్రం అన్నాడు. పక్కింటామె కిటికీలోంచి చూసి, "గదేం ఎక్సర్‌సైజు వదినా?" అని అడిగింది. భుజం నొప్పికి అని చెప్పాను. అబద్ధమే.

అవ్వ మాత్రం నా వైపు తిరిగేదే కాదు. మంచం మీద కూర్చుని తలుపు వైపు చూస్తుండేది. అంతకు ముందు అవ్వ అట్లా ఉండేది కాదు. ఎవరు ఏ చీర కట్టారో, ఏ కూరలో ఉప్పు తగ్గిందో అన్నీ ఆమెకు కావాలి. ఏడాది నుంచి మాటలు తగ్గించింది. టీవీ పెడితే వింటుంది, చూడదు. వయసు మీద పడుతోంది అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

సంక్రాంతి పోయిన తర్వాత ఒక మంగళవారం అవ్వ వాడకట్టు ఆడవాళ్లతో కొండగట్టు గుడికి వెళ్లింది. తిరిగి రావడానికి వాళ్లు ఎక్కిన బస్సు నాదే అయింది. జనం కిక్కిరిసి ఉన్నారు. నేను ముందు నుంచి టికెట్లు కొట్టుకుంటూ వస్తున్నాను. మధ్యలో కిటికీ పక్కన అవ్వ కూర్చుని ఉంది. నన్ను చూసి ఏదో అంటుందని నవ్వుతూ ఎదురుగా నిలబడ్డాను. అవ్వ చెంగు ముడి విప్పి, ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్ కోసం చూపించే ఆధార్ కార్డు తీసి నా ముందు పట్టింది.

"కరీంనగర్, బిడ్డా. ఒక జీరో టికెట్ ఇయ్యి."

ఆటలు పట్టిస్తోందనుకున్నాను. ఆట సాగనిద్దామని కార్డు అందుకోలేదు. ఆమె కళ్లు సరిగ్గా నా మొహం మీదే ఉన్నాయి. కాసేపయ్యాక కార్డు ఇంకొంచెం పైకి ఎత్తింది. "అచ్చమైన కార్డే బిడ్డా, సూడు," అంది, పరాయి కండక్టర్‌తో మాట్లాడే మర్యాద గొంతుతో.

"అవ్వా, నేను," అన్నాను.

"నాకెర్క లేదానె? ఉట్టిగ అన్న," అని కార్డు మళ్లీ చెంగులో ముడేసుకుంది. నేను టికెట్ కొట్టి చేతిలో పెట్టి తర్వాతి సీటుకు జరిగాను. వెనక ఇంకా ముప్పై మంది ఉన్నారు. ఏడవడానికి చోటు లేదు.

ఇంటికొచ్చి అడిగితే అప్పుడు చెప్పింది. ఏ మొహం చూసినా నడుమ బూడిద రంగు మచ్చ అడ్డం పడుతుందట. నన్ను ఖాకీ రంగు చూసి, నడకను బట్టి, గొంతు బట్టి పోల్చుకుంటోందట. ఆ రోజు గొంతు వినకముందే కార్డు చాచిందట.

"మరెందుకు చెప్పలే అవ్వా?"

"చెప్తే నువ్వు పరేషాన్ అయితవు. డ్యూటీ ఇడిసి నా ఎంబడి దవాఖానలు తిరుగుతవు."

దవాఖానలు తిరిగాం. కంటి డాక్టరు ఓపికగా చెప్పాడు. కంటి లోపల చూపుకు నడుమ ఉండే భాగం అరిగిపోయింది, తిరిగి రాదు. అంచుల చూపు మాత్రం ఉంటుంది. పూర్తి చీకటి కాదు, భయపడకండి అన్నాడు. అవ్వ శ్రద్ధగా విని, "గంతే గద," అంది. ఆటోలో వచ్చేటప్పుడు నా చేయి పట్టుకుని వదల్లేదు.

ఆ తర్వాత మూడు వారాలు మేజోళ్లు మూలకు పడి ఉన్నాయి. తిప్పాలనిపించలేదు.

ఒక ఆదివారం సాయంత్రం కరెంటు పోయింది. దీపం పెట్టబోతే బల్ల సొరుగులో గ్లో స్టిక్‌ల ప్యాకెట్ చేతికి తగిలింది. ఫ్యాన్సీ షాపులో కొని వాడకుండా ఉంచాను. ఎర్రవి రెండు, ఆకుపచ్చవి రెండు. ఏం తోచక ఎర్రవి విరిచి, తాళ్లకు కట్టి, హాలు నడుమ నిలబడి తిప్పాను. అవ్వ ఎప్పటిలాగే మంచం మీద తలుపు వైపు మొహం పెట్టి కూర్చుంది. ఆమెకు ఇవన్నీ పట్టవనుకున్నాను. వెలుగు సరిగ్గా రావడం లేదనిపించి ఎర్రవి తీసి ఆకుపచ్చవి కట్టాను. నాలుగు తిప్పులు తిప్పానో లేదో అవ్వ గొంతు వినిపించింది.

"ఎడమ చెయ్యిది ఆగుతున్నది. పైకి పోయి జర ఆగుతున్నది, మళ్ల దిగుతున్నది."

చేతులు ఆపేశాను. కడ్డీలు రెండూ మోకాళ్లకు తగిలి ఊగాయి.

"నువ్వు దర్వాజ దిక్కు చూస్తున్నవు గదనే?"

"దర్వాజ దిక్కు చూస్తెనే నువ్వు కనవడుతవు. సక్కగ నీ దిక్కు చూస్తె మచ్చ అడ్డమొస్తది. గిట్ల మల్లితె పక్కపొంటి కనవడుతది. ఎర్రయి కనవడలే. గీ పచ్చయి మంచిగ కనవడుతున్నయి."

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఇన్ని సాయంత్రాలు ఆమె మొహం తిప్పుకుని కూర్చున్నది నన్ను చూడడానికే. పగటి వెలుతురులో మేజోళ్లు మసకమసకగా ఊగడం కూడా పక్కచూపుతో పట్టుకునేదట. వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. అవ్వ అప్పటికే పాఠం మొదలుపెట్టింది.

"భుజం తిప్పకు. ముంజేయి గూడ తిప్పకు. మనికట్టు తిప్పు. రాయి బరువుకు రాయే తిరుగుతది. నువ్వు ఉట్టిగ దానికి దారి ఇయ్యాలె."

"ఏ రాయి?"

"గోఫన్ రాయి. మా దిక్కు గోఫన్ అంటుండె. గీడ ఒడిసెల అంటరు, రాయి పెట్టి తిప్పి ఇసిరే తాడు."

అవ్వ పుట్టిల్లు ఆదిలాబాద్ వైపు, ఇచ్చోడ దగ్గర పల్లె. పెండ్లయి కరీంనగర్ రాకముందు, జొన్న కంకి పట్టే నెలల్లో తెల్లారింది మొదలు మంచె మీద నిలబడి చిలుకల్ని కొట్టేదట. కొట్టడమంటే వాటికి తగిలేలా కాదు. రాయి వాటి పక్కనుంచి పోతే చాలు, గుంపంతా లేచిపోతుంది. ఇవన్నీ నాకు ఆమె ఎన్నడూ చెప్పలేదు. నేను అడిగిందీ లేదు.

"ఇటు తే," అని ఒక తాడు తీసుకుని లేచి నిలబడింది. డెబ్బై దాటిన మనిషి. కాళ్లు దూరంగా పెట్టి, తలపైన ఒక్క తిప్పు తిప్పింది. ఆకుపచ్చ చక్రం గుండ్రంగా, వంకర లేకుండా వచ్చింది. రెండో తిప్పుకు గోడ మీది క్యాలెండర్ ఊడి కింద పడింది. మూడోదానికి నేను చేయి పట్టుకుని ఆపాను. అవ్వ నవ్వింది. ఏడాది తర్వాత ఆ నవ్వు విన్నాను.

ఆ రోజు నుంచి అవ్వే నా మాస్టరు. డ్యూటీ నుంచి రాగానే చాయ్ తాగి, కిటికీలు మూసి, పరదాలు లాగి, హాలు చీకటి చేసేవాళ్లం. అవ్వ తలుపు వైపు తిరిగి కూర్చునేది. ఆమె నేర్పే పద్ధతి కఠినం. ఎడమ చేయి దారికొచ్చేదాకా కుడి చేతికి తాడు ఇవ్వనని తన దగ్గరే పెట్టుకుంది. పదిహేను రోజులు ఒట్టి ఎడమ చేయే. బస్సులో కూడా మిషన్ కుడి చేతిలోకి మార్చి ఎడమ చేత్తో చిల్లర ఇవ్వడం మొదలుపెట్టాను. నిదానంగా పని అవుతుంటే జనం తిట్టుకున్నారు. ఒకరోజు సాయంత్రం సున్న ఆగకుండా తిరిగింది. నేను అడగకముందే అవ్వ, "ఇగొ, గిప్పుడు వచ్చింది," అంది.

తర్వాత రెండూ కలిపి. ఒకటి పైకి పోతే ఒకటి కిందికి రావాలి. అది వచ్చాక ఒంటి ముందు అడ్డంగా దాటించి ఎనిమిది అంకె గీయాలి. అక్కడ తాళ్లు చిక్కుపడి మెడకు చుట్టుకునేవి. చిక్కు విప్పడం అవ్వ పని. కళ్లతో పనిలేకుండా వేళ్లతో విప్పేది. విప్పుతూ కబుర్లు చెప్పేది. మంచె మీద తినడానికి తీసుకెళ్లిన జొన్న రొట్టె, దానిలోకి నూరిన పచ్చిమిరపకాయ కారం, వాళ్ల నాయిన కోపం, ఒకసారి గోఫన్ రాయి పక్క చేనులో ఎద్దుకు తగిలి రెండిళ్ల మధ్య నెల రోజులు మాటలు లేకపోవడం. ఎనిమిది అంకె నాకు రాలేదు గానీ, నా కన్నతల్లి పదిహేనేళ్ల పిల్లగా ఎట్లా ఉండేదో ఆ రోజుల్లోనే తెలిసింది.

ఎండలు మొదలయ్యేటప్పుడు అవ్వ పుట్టింటి నుంచి మేనమామ ఫోన్ చేశాడు. మనవడికి పుట్టువెంట్రుకలు తీయిస్తున్నారు, రమ్మన్నాడు. రెండు రోజులు సెలవు పెట్టి అవ్వను తీసుకుని వెళ్లాను. ఇంటి నిండా చుట్టాలు. ఒక్కొక్కరూ వచ్చి అవ్వ ముందు నిలబడి, "నేనెవరినో చెప్పు చూద్దాం పెద్దవ్వా," అని అడుగుతున్నారు. ప్రేమతోనే అడుగుతున్నారు. అవ్వ గొంతు బట్టి కొందరిని పోల్చుకుంది, కొందరి విషయంలో తప్పింది. తప్పినప్పుడల్లా అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. పొద్దు వాలేసరికి ఆమె మొహం వాడిపోయింది.

"నన్ను జర చేను దాంక తోల్కపో," అంది నా చెవిలో.

మామ చేను ఇంటి వెనకే. ఎక్కువ భాగం పత్తి, ఒక పక్క జొన్న. జొన్న కోసేశారు, మోళ్లు మిగిలాయి. గట్టు మీద అవ్వను కూర్చోబెట్టాను. చీకటి పడుతోంది.

"తెచ్చినవా?" అని అడిగింది.

తెచ్చానని ఆమెకు తెలుసు. సంచిలో సర్దింది ఆమే. రెండు పచ్చ కడ్డీలు విరిచి తాళ్లకు కట్టాను.

"ఇంట్ల తిప్పినట్టు కాదు. దూరం పో. నడుసుకుంట పో, నేను ఆగుమన్నదాంక."

ఇరవై అడుగులు వేసి తిప్పాను. "కనవడుతున్ననా?"

"కనవడుతున్నవు! ఇంక పో!"

మోళ్లు చెప్పుల్లోంచి గుచ్చుకుంటున్నాయి. యాభై అడుగులు పోయాను. "కనవడుతున్నవ్! పో!" అన్న కేక సన్నగా వచ్చింది. ఇంకా పోయాను. అవతలి గట్టు దగ్గర ఆగేసరికి కేక వినిపించలేదు. నాకు అవ్వ కనబడడం లేదు. అయినా తిప్పాను. గోడల్లేవు, ఫ్యాన్ లేదు, క్యాలెండర్ లేదు. చేతులు చాచినంత మేరా చాచాను. ఎంతసేపో తెలియదు. ఎనిమిది అంకె కుడివైపు ఒకసారి కుదిరినట్టే అనిపించింది. అంతలో తాడు తెగింది. కడ్డీ ఎగిరిపోయి ఎటో పడింది. ఎటు పోయిందో చూసుకోలేదు. చుట్టూ వెతికాను, కనబడలేదు. ఒక్క కడ్డీతో వెనక్కి నడిచాను.

అవ్వ గట్టు మీద లేచి నిలబడి ఉంది. "కుడి చెయ్యిది తెగింది గద?" అంది నా అడుగుల చప్పుడు విని.

"ఔ. ఏడ పడ్డదో దొరకలే. పోనియ్యి అవ్వా."

"ఏడికి పోతది? నేను చూసిన. నడువు."

నా మోచేయి పట్టుకుని ముందుకు నడిచింది. నిజానికి ఆమే నన్ను నడిపించింది. మొహం కొంచెం కుడివైపుకు తిప్పి, మోళ్ల మధ్య కాళ్లు జాగ్రత్తగా వేస్తూ, అవతలి గట్టు దాకా వచ్చి ఎడమకు తిరిగింది. "రాయి ఏడ వడ్తదో చూసుకోకపోతె మళ్ల ఏరుకొచ్చుడెట్ల? రాళ్లు ఊకెనే దొరకయి," అంది. గట్టు దిగువన ఎండుగడ్డి దుబ్బు ఉంది. నేను ఒంగి గడ్డి తొలగించాను. కడ్డీ అక్కడే, గడ్డి వేళ్లలో ఇరుక్కుని వెలుగుతోంది.

తీసి ఆమె చేతిలో పెట్టాను. చెంపకు ఆనించుకుంది. "నువ్వు గంత దూరంల తిప్పుతుంటె నీ చేతులు ఎట్ల తిరుగుతున్నయో గూడ తెలిసిందే. మొఖం ఒక్కటే కనవడలే," అంది. "మొఖం నాకు యాదికున్నది తియ్యి."

మేం ఇల్లు చేరేసరికి భోజనాలు వడ్డిస్తున్నారు. మామ, ఇంతసేపు ఎక్కడికెళ్లారని కోప్పడ్డాడు. చేను చూడడానికి అంది అవ్వ. తర్వాత మేనమామ కోడలు దగ్గరికొచ్చి, "నేనెవరిని?" అని అడిగితే, "నువ్వెవరైతె ఏందే, జర పప్పు ఎయ్యి," అంది. మళ్లీ అందరూ నవ్వారు. ఈసారి ఆమె మాటకు నవ్వారు.

కరీంనగర్ వచ్చాక డాక్టరు చెప్పినట్టే నడుస్తోంది. నడుమ మచ్చ కొంచెం పెద్దదైంది. అవ్వ పక్కచూపుతో అన్నం వండుతుంది, పాల ప్యాకెట్ కత్తిరిస్తుంది. మనుషులు వస్తే ముందే అడిగేస్తుంది, "ఎవలు? పేరు చెప్పుండ్రి, నాకు మొఖాలు ఆనయి." దాచుకోవడం మానేసింది. నేను కూడా భుజం నొప్పికి అని చెప్పడం మానేశాను.

పోయిన సోమవారం ఎనిమిది అంకె వచ్చింది. కుడివైపు, ఎడమవైపు, మళ్లీ కుడివైపు, తాళ్లు ఒక్కసారి కూడా తగలకుండా. నాకు నమ్మకం కుదరక లెక్కపెట్టాను, పన్నెండు తిప్పులు. "అవ్వా, చూసినవా?" అన్నాను. తల తిప్పి చూశాను. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నట్టే నిద్రపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుని సన్నగా గురక పెడుతోంది. లేపుదామా అనుకున్నాను, లేపలేదు. చెంగు సర్ది, మళ్లీ నడుమకొచ్చి నిలబడి, కడ్డీలు ఆరేదాకా తిప్పుకున్నాను.